ముందు బండికీ నాకూ మధ్య

నలభై రెండో ఏట కారు నేర్చుకున్నాను. సరదాకు కాదు. పద్దెనిమిదేళ్లు మదనపల్లె చుట్టుపక్కలే లెక్కల టీచరుగా పనిచేశాక, ఆ ఏడాది బదిలీల్లో నన్ను కుప్పం దగ్గర ఒక పల్లెలోని హైస్కూలుకు వేశారు. వారమంతా కుప్పంలో అద్దె గదిలో ఉండి శనివారం ఇంటికి వచ్చేదాన్ని. సోమవారం పొద్దున మొదటి బస్సు పట్టుకున్నా, పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరి, అక్కడ ఆటో దొరికి బడికి పోయేసరికి మొదటి పీరియడు అయిపోయేది. హెడ్మాస్టరు ఏమీ అనేవాడు కాదు. గోడ గడియారం వైపు ఒకసారి చూసేవాడు, అంతే. ఆ చూపు పడలేక నేర్చుకున్నాను.

ఇంట్లో కారు ఉంది. మా ఆయనకు మదనపల్లెలో ఎరువుల అంగడి. కారు ఎక్కువసేపు ఆ అంగడి ముందే ఎండలో నిలబడి ఉండేది. నేర్పిస్తావా అని అడిగితే, "నేను నేర్పిస్తే మన కాపరం ఉండదు" అని నవ్వేశాడు. ఆయన అన్న నిజమైన మాటల్లో అదొకటి.

ఆ వేసవి సెలవుల్లో నాకు నేర్పింది ఒక రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. ముప్పై ఏళ్లు మదనపల్లె–కుప్పం బస్సు నడిపినవాడు. ఖాకీ చొక్కా పోయి తెల్ల చొక్కా వచ్చిందేగానీ, సీట్లో కూర్చునే తీరు మారలేదు. వీపు నిటారుగా, మోచేతులు దేహానికి దగ్గరగా. తన పాత కారులోనే నేర్పేవాడు. మొదటి రెండు వారాలు గేర్లు, క్లచ్చి. మూడో వారం నన్ను పుంగనూరు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. ముందు ఒక లారీ పోతోంది.

"అమ్మా, నువ్వు లెక్కల టీచరు కదా. ఇప్పుడు మనం గంటకు అరవైలో పోతాండాము. సెకనుకు ఎంత?"

మనసులో లెక్క కట్టాను. "పదహారు మీటర్ల పైన. దాదాపు పదిహేడు."

"ఆ లారీవాడు బ్రేకేస్తే నీ కంటికి కనపడి, నీ బుర్రకు ఎక్కేదానికి ఒక సెకను. కాలు లేసి బ్రేకు మిందికి వచ్చేదానికి ఇంకొంచెం. అంతవరకూ ఈ కారు నీ మాట ఇనదు. పోతానే ఉంటాది. ఎన్ని మీటర్లు పోయినట్టు?"

"ఇరవై అయిదు, ముప్పై."

"ఇప్పుడు ఆ లారీకి నీకు ఎంత దూరం ఉండాది?"

పదిహేను మీటర్లు కూడా లేదు. నా కాలు తనంతట తానే యాక్సిలరేటరు మీది నుంచి లేచింది. ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు.

దూరం కొలవడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్నో కల్వర్టునో దాటగానే, బస్సులో కండక్టరు స్టాపులు చెప్పినట్టు నిదానంగా "మదనపల్లి... పుంగనూరు... పలమనేరు" అనుకోవాలి. పలమనేరు అనడం అయ్యాకే మన కారు ఆ స్తంభం దగ్గరికి చేరాలి. ముందే చేరితే దగ్గరైపోయినట్టు. రోడ్డు తడిసి ఉంటే వి.కోట, కుప్పం కూడా కలుపుకోవాలి. పల్లెల్లో నలభై దాటకూడదు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ముందు బండి టైర్లు నేలకు తగిలే చోటు కనపడాలి.

"ఎనకోడు హారన్ కొడతాడే," అన్నాను ఒకరోజు.

"కొట్టుకోనీమ్మా. హారన్ వచ్చి నీకు తగల్దు. ఎనకోని కోసరం నువ్వు ముందరోని మింద పడాల్నా? ముప్పై ఏండ్లు నన్ను తిట్టినోళ్లందరూ నన్ను దాటుకొని పోయినారు. పోనిస్తి. వాళ్లల్లో కొందర్ని మళ్లా దావలో సూసినా. ఎట్ల సూడాల్సి వచ్చిందో చెప్పన్లే."

లైసెన్సు వచ్చింది. మొదటి నెల రోజులు ఒంటరిగానే కుప్పం పోయి వచ్చాను. పలమనేరు దాటాక ఆ పొద్దుటి రోడ్డు మీద నేనొక్కదాన్నే కారు తోలుతూ, కిటికీ కొంచెం దించుకుని, నోట్లో స్టాపుల పేర్లు చెప్పుకుంటూ పోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ పెద్దమండ్యం పక్కన ఒక పల్లెలో కూలికి పోయి నన్ను చదివించింది. చెనక్కాయ పెరకడానికి, టమోటా కోయడానికి ట్రాక్టరు వెనక నిలబడి పోయేది. మా వంశంలో స్టీరింగు పట్టిన మొదటి ఆడదాన్ని నేనే. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పుడు ఆ మాట రాయడానికే నోరు చేదెక్కుతోంది.

శని, ఆదివారాల్లో మా ఆయన పక్కన కూర్చుంటే మాత్రం ఆ ఇష్టమంతా పోయేది. నేను వదిలిన దూరం ఆయన కంటికి ఖాళీ స్థలంగా కనపడేది. ఎవరో మోటారు సైకిలువాడు వచ్చి ఆ ఖాళీలో దూరేవాడు. నేను ఇంకొంచెం వెనక్కి తగ్గేదాన్ని.

"ఇంకొకడు దూరినాడు," అనేవాడు ఆయన. "ఇట్ల ప్రతి ఒక్కనికీ దావ ఇచ్చుకుంటా పోతే మనం కుప్పం పొయ్యేది కాదు, ఎనక్కి పెద్దమండ్యం పోతాము."

"తడి రోడ్డు కదా..."

"నీ లెక్కలు నల్లబోర్డు మింద పెట్టు. రోడ్డు మింద కాదు."

నలుగురిలో కూడా ఇదే పాట. "మా ఇంటామె కారు తోలితే ఆ సందులో పెండ్లి పందిరి ఎయ్యచ్చు," అని చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నేను నవ్వడమే ఆయనకు సాక్ష్యం.

ఆ ఆదివారం కుప్పంలో మా ఆయన పెదనాన్న మనవరాలి పెళ్లి. ముహూర్తం తొమ్మిదిన్నరకు. అంతకు వారం ముందు ఆయన అంగడి మెట్ల మీద జారి పడి కుడి మణికట్టు బెణికించుకున్నాడు. ముంజేతి దాకా కట్టు. కాబట్టి నేనే తోలాలి. ఆరింటికే బయల్దేరదాం అన్నాను. ఆయన అంగడి తాళాలు ఎవరికో ఇచ్చి రావాలని వెళ్లి, అక్కడ కాఫీ తాగుతూ మాటల్లో పడి, ఏడున్నరకు వచ్చాడు. కారెక్కిన దగ్గర నుంచి ఆలస్యం నాదే అయింది.

సన్న తుంపర. పుంగనూరు దాటాము. పెద్దపంజాణి వైపు రోడ్డు చీలే చోటుకు ఇంకా కొంచెం ఇవతల, మా ముందు ఒక పికప్ బండి తగిలింది. వెనక ఖాళీ టమోటా క్రేట్లు ఒక పక్కకు పేర్చి, మిగిలిన జాగాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కోతకు పోతున్న కూలీలు. తలల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకున్నారు. వెనక తలుపు కిందికి దించి ఉంది. ఇద్దరు దాని మీద మా వైపు తిరిగి, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు.

నేను బాగా వెనక్కి ఉండిపోయాను.

"దాటు," అన్నాడు మా ఆయన.

"ఎదురుగా వస్తాండారు."

"ఇంత ఎనక ఉండి యాడ దాటేది? దగ్గరికి పో. సందు దొరకంగానే లాగెయ్యాల."

"వాన పడతాంది."

"వానా ఇది? అక్షింతలు పడేటప్పటికి పోదామా, ఆకులెత్తేటప్పటికి పోదామా? నీకు తోలను రాదని నేను మా పెదనాయనకు చెప్పుకోవాల్నా? పో, పో దగ్గరికి."

కట్టు కట్టిన చెయ్యి ముందుకు ఊపుతూ ఉన్నాడు. ఎద్దుల్ని అదిలించినట్టు. అలా ఊపవద్దని నేను అంటూ ఉన్నాను. అంటూనే కాలు కిందికి నొక్కాను.

ఈ మాట నేను సూటిగా రాయాలి. ఆయన నా కాలు పట్టి నొక్కలేదు. నాకు లెక్క తెలుసు. అరవైలో సెకనుకు పదిహేడు మీటర్లు అని తెలుసు. తడి రోడ్డు మీద అయిదు పేర్లు చెప్పుకోవాలని తెలుసు. ఆ ఉదయం ఒక్క పేరు చెప్పుకునేంత జాగా కూడా నేను ఉంచలేదు. ఆయన నోరు మూయించడానికి దగ్గరికి పోయాను. ఆ కూర్చున్న ఇద్దరిలో ఎడమ పక్కామె ముఖం కనపడుతోంది. నలభై, నలభై అయిదేళ్లు ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు. మోకాళ్ల మీద సద్ది క్యారియరు పెట్టుకుంది. నన్నే చూస్తోంది.

కుడి వైపు గట్టు మీది నుంచి గొర్రెలు రోడ్డెక్కాయి. అవి నాకు ముందు కనపడలేదు. పికప్ ఆగడమే కనపడింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. కారు ఆగలేదు. చక్రాలు ఆగాయి, కారు జారింది. ఆ జారడం చాలా నిదానంగా జరిగినట్టు నాకు గుర్తు. నిజానికి రెప్పపాటు కూడా పట్టి ఉండదు.

చప్పుడు పెద్దగా రాలేదు. క్రేట్లు వచ్చి బానెట్టు మీద, రోడ్డు మీద పడ్డాయి. అరుపులు. కుడి పక్కామె కాళ్లు పైకి లాక్కుంది. ఎడమ పక్కామె లాక్కోలేకపోయింది. ఆమె ఎడమ కాలు మోకాలి కింద, ఆ దించిన తలుపుకూ నా కారు ముందు భాగానికీ నడుమ ఇరుక్కుంది.

ఆడవాళ్లే దిగి, పికప్‌ను చేతులతో ముందుకు తోసి, ఆమెను తీశారు. నేను దిగి నిలబడ్డాను. దగ్గరికి పోవాలని రెండడుగులు వేశాను. ఒకామె నన్ను ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టింది. "కండ్లు యాడ పెట్టుకొని ఉండావే?" అంది. గొర్రెలు మాత్రం ఏమీ జరగనట్టు మా నడుమ నుంచే దాటిపోతున్నాయి. వాటి కాపరి నోరు తెరిచి నిలబడిపోయాడు. సద్ది క్యారియరు మూత ఊడి రోడ్డు మీద సంగటి ముద్ద పడి ఉంది. దాని మీద తుంపర పడుతోంది.

ఎటు నుంచో వచ్చిన ఆటోలో ఆమెను పుంగనూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి నుంచి తిరుపతికి పంపారని తర్వాత తెలిసింది.

ఆటో కదిలాక వెనక్కి చూశాను. మా ఆయన కారు డోరు చాటున వంగి ఉన్నాడు. పళ్లతో మణికట్టు కట్టు ముడి విప్పుతున్నాడు. చుట్లు చుట్లుగా విప్పి, ఆ గుడ్డను ఉండగా చుట్టి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. చెయ్యి వాచి ఎర్రగా ఉంది. చొక్కా చెయ్యి కిందికి లాగి గుండీ పెట్టుకున్నాడు.

"ఈ పక్కకు రా," అన్నాడు మెల్లగా. "తోలింది నేను. అర్థమయిందా? నీది గవర్నమెంటు ఉద్యోగం. లైసెన్సు వచ్చి మూడు నెల్లు కూడా కాలేదు. కేసయితే నిన్ను ఇంట్లో కూర్చోబెడతారు. నాకు పొయ్యేదేముంది? నువ్వు నోరు తెరవద్దు."

నేను వద్దనలేదు. తల కూడా ఊపలేదు. ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాను. దాన్నే ఒప్పుకోవడం అంటారు.

పోలీసులు వచ్చి మా ఆయనతో, పికప్ డ్రైవరుతో మాత్రమే మాట్లాడారు. స్టేషనులో కాగితం మీద ఆయన సంతకం పెట్టేటప్పుడు నొప్పికి నుదురంతా చెమట పట్టింది. కలం వదల్లేదు. ఎదురుగా కూర్చున్న పోలీసాయన భయం వల్ల చెమట అనుకున్నాడు. "నిదానంగా పోవాల కదప్పా, ఆడోళ్లు కూర్చోని ఉండారని కనపడతానే ఉండాది కదా," అన్నాడు. మా ఆయన తల దించుకుని, "తప్పయిపోయింది సార్," అన్నాడు. జీవితంలో నాతో ఆయన ఎన్నడూ అనని మాట అది. నా తప్పుకు ఆయన, నా ముందే, ఇంకెవరికో చెప్పాడు.

కేసు కొన్నాళ్లకు రాజీ అయింది. పెద్దమనుషులు కూర్చున్నారు, ఇన్సూరెన్సు వాళ్లు వచ్చారు, కాగితాలు అయ్యాయి. నన్ను ఎవరూ పిలవలేదు. తోలనిదాన్ని నన్నెందుకు పిలుస్తారు. ఆమె కాలు పోలేదని, రాడ్లు వేశారని, కానీ మునుపటిలా నడవలేకపోతోందని విన్నాను. నేను మళ్లీ సోమవారం మొదటి బస్సు ఎక్కాను. హెడ్మాస్టరు మళ్లీ గడియారం చూశాడు.

ఈ అబద్ధం మా ఇద్దరి మధ్యే ఉందని ఏడాది పైగా అనుకున్నాను. దాని బరువుకు నేను ఇంట్లో అణిగి ఉండటం అలవాటు చేసుకున్నాను. ఆయన ఏదైనా అంటే ఎదురు చెప్పేదాన్ని కాదు. చెప్పబోతే ఆయన కుడి మణికట్టును ఎడమ చేత్తో మెల్లగా నిమురుకునేవాడు. అంతే, నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఆ బెణుకు ఎన్నడో తగ్గింది. నిమురుకోవడం మాత్రం తగ్గలేదు.

బి.కొత్తకోటలో ఆయన అక్క ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వెళ్లాను. వంటల దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతుంటే మా ఆడబిడ్డ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నువ్వు పెట్టి పుట్టినావమ్మా," అంది. "మా తమ్ముని మాదిరి మొగుడు యాడ దొరుకుతాడు? పెండ్లాం చేసిన పనిని నెత్తినేసుకొని స్టేషన్లో నిలబడినాడు. కట్టు ఇప్పి జోబులో పెట్టుకొన్న్యాడంట కదా? వినేటప్పుడు నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా తల ఊపారు. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అందరికీ తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. పోలీసుకు అబద్ధం చెప్పిన మనిషి చుట్టాలందరికీ నిజం చెప్పుకున్నాడు. నేను తోలానని, గుద్దానని, తను కాపాడానని. చెయ్యి ఊపిన సంగతి, దగ్గరికి పో పో అన్న సంగతి మాత్రం పోలీసుకూ చెప్పలేదు, చుట్టాలకూ చెప్పలేదు.

కత్తిపీట పక్కన పెట్టి లేచాను. ఎవరో, "పాపం, ఎందుకు గుర్తు చేసినావక్కా," అంటున్నారు.

రాజీ కాగితాల్లో అడ్రసు చూసుకుని, మరుసటి వారం ఎవరికీ చెప్పకుండా ఆ కాలు నలిగినామె ఊరికి వెళ్లాను. పెద్దపంజాణి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఇల్లు అడిగితే, "కాలు పోయినామెనా?" అని చూపించారు. కాలు పోలేదు కదా అని అనబోయి ఊరుకున్నాను.

రేకుల ఇల్లు. పక్కన కొట్టంలో రెండు ఆవులు. ఆమె పీట మీద కూర్చుని ఎడమ కాలు చాచి, కుడి మోకాలితో గిన్నెను పట్టుకుని పాలు పితుకుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. పితకడం అయ్యాక గిన్నె పక్కన పెట్టి, కొట్టం గుంజ పట్టుకుని లేచి, కర్ర అందుకుంది. ఎడమ కాలు కొంచెం బయటికి తిరిగి ఉంది.

"వచ్చినావా," అంది. కొత్తవాళ్లతో అనే మాట కాదు అది.

"నన్ను గుర్తు పట్టినారా?"

"మరిచిపొయ్యే మొకమా అది? మిందికి వస్తా ఉన్న్యావు. నేను నిన్నే సూస్తా ఉంటి."

చెప్పాలనుకుని దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "తోలింది నేనే," అన్నాను.

"నాకు చెప్తాండావా?" అంది ఆమె. "నీ పక్కన ఆయప్ప చెయ్యి ఊపుతా ఉండె. తెల్ల కట్టు కట్టుకొని. నువ్వు ఏందో అంటాండావు, ఆయప్ప ఏందో అంటాండాడు. మా పక్కనామెతో అంటి నేను, సూడే, ఆలుమొగుడు కొట్లాడుకుంటా వస్తాండారు అని. నవ్వుకుంటిమి. కాళ్లు పైకి తీసుకోవల్లని తోచలే. నవ్వుతా ఉన్న్యాము."

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"ఎవురు అడిగినారు?" ఆమె గొంతు మొదటిసారి పెద్దదైంది. "తిరుపతిలో నెలా పది దినాలు ఉంటి. ఒక్కరన్నా వచ్చి, ఏమ్మా, నువ్వేం సూసినావు అని అడిగినారా? పికప్పాయన మాట్లాడినాడు. మీ ఆయప్ప మాట్లాడినాడు. మా ఊరి పెద్దోళ్లు మాట్లాడినారు. ఏలిముద్ర కావల్ల అన్న్యారు, ఏసిస్తి. నాకు సంతకం వచ్చునమ్మా. ఏడో తరగతి దాకా సదువుకున్న్యా. అదీ అడగలే."

నేను ఏడ్చాను. ఆమె ఊరడించలేదు. కర్ర మీద ఒరిగి, నా ఏడుపు అయ్యేదాకా ఎదురుచూసింది.

"మా అమ్మ కూడా కూలికి పోయేది," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు జారాక అదెంత నీచంగా ఉందో అర్థమైంది.

"అయితే?" అంది ఆమె. "మీ యమ్మ పోయిండాదని నా కాలు వస్తాదా? నేను నిన్ను తిట్టను. నీకు మంచిదానివి అని చెప్పేదానికీ నాకు నోరు రాదు. ఆయప్ప పొమ్మన్న్యాడు, నువ్వు వచ్చినావు. దగ్గరికి వస్తే తగుల్తాదని నీకు తెలీదా? సదువుకొన్నదానివి."

"తెలుసు."

"అదే మరి."

తెచ్చిన పండ్ల సంచి అరుగు మీద పెట్టాను. ఆమె కర్ర కొసతో దాన్ని నా వైపు జరిపింది. "ఇంట్లో ఎవురన్నా అడిగితే ఏమని చెప్పాల? తీసకపో. మళ్లా రావద్దు. నువ్వు వస్తే నాకు మళ్లా పెరికినట్టు ఉంటాది."

సంచి తీసుకుని నడిచాను. ఆటో కోసం ఎండలో చాలాసేపు నిలబడ్డాను. టమోటా క్రేట్ల బండ్లు పోతున్నాయి. వెనక ఆడవాళ్లు కూర్చునే ఉన్నారు. వాళ్ల వెనక కార్లు అంటుకునే పోతున్నాయి.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను, ఆమె దగ్గరికి వెళ్లానని. కొరివి దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"బుద్ధుండాదా నీకు? రాజీ అయిపోయిన కేసును పోయి గెలుకుతావా?"

"చెయ్యి ఊపింది ఆమె చూసింది."

"ఊపితే? నీ కాలు నేను తొక్కినానా?" ఎడమ చేత్తో మణికట్టు నిమురుకున్నాడు. "నేను లేకపోతే నీ ఉద్యోగం ఏమయి ఉండేదో ఒకసారి ఆలోచించు."

ఆలోచించాను. ఆయన నన్ను కాపాడిన మాట అబద్ధం కాదు. ఆ జీతంతోనే మా పాపను బెంగళూరులో చదివించాను. కానీ ఆ రోజు స్టేషనులో నా తప్పును నేను మోసి ఉంటే, దాని పక్కనే ఆయన తప్పును కూడా చెప్పగలిగి ఉండేదాన్ని. నాది తీసుకుని, తనది దాచుకున్నాడు.

ఈ ఏడాది పాపకు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు కారు నేర్చుకుంటానంది. నాకు నేర్పిన ముసలాయన కంటిచూపు తగ్గి నేర్పడం మానేశాడు. నాకు నేర్పనన్న మా ఆయన కూతురికి మాత్రం తనే నేర్పాడు. పాప భయం లేకుండా తోలుతుంది. ఒక ఆదివారం, "అమ్మా, నువ్వూ రా, చూద్దువు," అని పట్టుబట్టింది. వెనక సీట్లో కూర్చున్నాను. పుంగనూరు రోడ్డు ఎక్కాము. ముందు పాల వ్యాను పోతోంది. పాప డెబ్బైలో ఉంది.

"ఇంకా దగ్గరికి పో," అన్నాడు మా ఆయన. "అంత ఎనక ఉంటే యాడ దాటుతావు? మీ యమ్మ మాదిరి బెదురుకోవద్దు."

పాప నవ్వింది. వ్యాను వెనక రాసిన చిన్న అక్షరాలు కూడా కనపడేంత దగ్గరికి పోయింది.

"పక్కకు తీసి ఆపు," అన్నాను.

"ఏమైందిమా?"

"ఆపు ముందు."

నా గొంతు విని భయపడి ఆపింది. చెప్పాను. ఆ ఆదివారం ఎంత ఆలస్యంగా బయల్దేరామో, ఎవరి వల్ల ఆలస్యమయిందో. తుంపర. ఆ ఆడవాళ్లు. ఎవరు ఏమన్నారో ఒక్క మాట కూడా వదలకుండా. మా ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు తోలావని నాకు తెలుసుమా," అంది పాప. "నాన్న ఎప్పుడో చెప్పినాడు. నీ మీద పడకుండా తనే..."

"ఇది చెప్పినాడా? ఇప్పుడు నీతో అన్న మాటే ఆ పొద్దు నాతోనూ అన్నాడని చెప్పినాడా?"

పాప తండ్రి వైపు తిరిగింది. "నిజమా నాన్నా?"

ఆయన డోరు తెరుచుకుని దిగాడు. రోడ్డు దాటి అవతలి పక్కన నిలబడి, మదనపల్లె వైపు వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. ఎక్కాడు. మా వైపు చూడలేదు.

తండ్రి తెరిచి వదిలేసిన డోరును పాప వంగి మూసింది. నేను ముందు సీటులోకి రాబోతే, "అక్కడే ఉండు," అంది. తర్వాత అద్దంలో నన్ను చూస్తూ అంది, "ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడు ఎందుకు చెప్పావు? ఆయన ఒక్కడే కదమ్మా నీకోసం నిలబడింది. ఇల్లు ఉన్నట్టు ఉంచలేవా?"

"నువ్వు ఎవరి కాలో విరగ్గొడతావని చెప్పాను."

"నేను నీలాగ కాదు," అంది.

బండి తిప్పింది. కోపంతో తోలుతుందని భయపడ్డాను గానీ, నిదానంగానే తోలింది. కళ్లు తుడుచుకుంటూ తోలింది. అది నా మాట విని నిదానించడమో, కన్నీళ్లకు రోడ్డు కనపడక నిదానించడమో నాకు తెలియలేదు.

ఇప్పుడు బెంగళూరులో ఉంటోంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కుంది. రెండు వారాలకు ఒకసారి మదనపల్లె వస్తుంది, వాళ్ల నాన్నను ఎక్కించుకుని అంగడి దాకా, అక్కడి నుంచి మా ఆడబిడ్డ ఇంటి దాకా పోయి వస్తుంది. నన్ను రమ్మని అడగదు. ముందు బండికి ఎంత దూరంలో తోలుతుందో నేను చూడలేదు.